సివిక్స్ తీసుకున్నోళ్లు

మొన్న ఎండాకాలం ఒక ఆదివారం పొద్దున భూపాలపల్లి నుంచి మా అక్క ఫోన్ చేసింది. మేనకోడలు పదో తరగతి పాసైంది, మార్కులు బాగానే వచ్చాయి. కానీ ఇంటర్‌లో హెచ్‌ఈసీ తీసుకుంటానని మొండికేసి కూర్చుందట.

“జెర నువ్వన్న చెప్పురా. గిన్ని మార్కులొచ్చినంక ఆర్ట్స్ తీసుకుంటరా ఎవలన్న?” అంది అక్క. వెనక నుంచి బావ గొంతు వినపడుతోంది. ఆయన సింగరేణిలో పనిచేస్తాడు, నైట్ షిఫ్ట్ దిగి వచ్చినట్టున్నాడు. “సివిక్స్ సదివి ఏం జేస్తది? సర్పంచ్ అయితదా?”

మా ఇళ్లల్లో ఇలాంటి ఫోన్లు నాకే వస్తాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను కాబట్టి చదువుల విషయంలో నా మాటకు విలువ ఎక్కువ. ఇంతకుముందు ఇద్దరు ముగ్గురికి ఎంపీసీ అని చెప్పి ఫోన్ పెట్టేశాను కూడా. ఈసారీ అదే చెప్పబోయాను. పిల్ల ఫోన్ లాక్కుని అడిగింది: “మామా, నువ్వు సివిక్స్ సదివినవా?” లేదన్నాను. “మరి అది పనికిరాదని నీకెట్ల తెలుసు?”

తెలీదు. అందుకని రెండు రోజులు టైమ్ అడిగాను. ఆ రెండు రోజులు నెల అయ్యాయి. ఈ వ్యాసం ఆ నెలలో చదివిందీ విన్నదీ.

మొదట జనగామ దగ్గరి మా ఊరికి వెళ్లాను. మా చిన్నబాపు 1970ల మొదట్లో, అంటే తెలుగు మీడియం ఇంటర్ కొత్తగా వచ్చిన రోజుల్లో చదువుకున్నాడు. పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన అటక మీద ఇప్పటికీ తెలుగు అకాడమీ రాజనీతి శాస్త్రం పుస్తకం ఉంది. అట్ట లేదు, చివరి పేజీలను చెదలు తిన్నాయి. మిగిలిన పేజీల్లో లాస్కీ, గార్నర్, గెటిల్ పేర్ల కింద పెన్సిల్ గీతలు. ఒక తెలంగాణ పల్లెటూరి పిల్లాడు హెరాల్డ్ లాస్కీ పేరు కింద గీత గీసుకోవడం చూస్తే నాకు ముచ్చటేసింది. ఆ పుస్తకం ఆ అటక మీదకు చేరడం వెనక పెద్ద కథే ఉంది.

సివిక్స్ అనే మాట పందొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికాలో వాడుకలోకి వచ్చింది. మన దేశంలో ఆ చదువును తెచ్చింది మాత్రం బ్రిటిష్ వాళ్లు. విలియం లీ-వార్నర్ అనే ఐసీఎస్ అధికారి 1897లో ‘ది సిటిజన్ ఆఫ్ ఇండియా’ అని పాఠ్యపుస్తకం రాశాడు. పేరులో పౌరుడు ఉన్నాడు కానీ ఆ పౌరుడికి ఓటు లేదు, తన మీద పన్ను ఎంతో నిర్ణయించే సభలో చోటు లేదు. ప్రభుత్వం ఎంత మేలు చేస్తోందో తెలుసుకుని బుద్ధిగా మసలుకోవడమే అతని పౌరసత్వం. సివిక్స్ అంటే రోడ్డుకు ఎడమ పక్కన నడవటం, చెత్త కుండీలో వేయటం అనే అభిప్రాయం ఇప్పటికీ మనకు ఉందంటే దాని వేరు అక్కడుంది. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం ఈ వలస వాసనను గుర్తించే, సివిక్స్ పేరు తీసేసి రాజనీతి శాస్త్రం అని పెట్టమంది. మన ఇంటర్‌లో పుస్తకం మీద రాజనీతి శాస్త్రం, పౌరశాస్త్రం అని ఉన్నా, పిల్లలకూ లెక్చరర్లకూ గ్రూపు పేర్లకూ అది ఇంకా సివిక్సే. హెచ్‌ఈసీలో ‘సి’, సీఈసీలో మొదటి ‘సి’.

నిజాం రాజ్యంలో ఆ మాత్రం సివిక్స్ కూడా కొద్దిమందికే. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చింది. ఒక భారతీయ భాషలో, అంటే ఉర్దూలో, ఉన్నత చదువు చెప్పడం దాని గొప్పతనం. అనువాదాల కోసం దారుల్ తర్జుమా అని ప్రత్యేక శాఖే ఉండేది. చరిత్ర, రాజనీతి చెప్పడానికి హారూన్ ఖాన్ షేర్వానీ వంటి పండితుడు ఉన్నాడు. అయితే తెలుగు మాత్రమే వచ్చిన రైతు బిడ్డకు ఆ తరగతి ఎంత దూరమో వేరే చెప్పక్కర్లేదు. అదీగాక క్లాసులో రాజ్యం గురించి చదవొచ్చు, ఊళ్లో సభ పెట్టుకోవాలంటే మాత్రం గస్తీ నిషాన్ 53 కింద ముందస్తు అనుమతి కావాలి.

జనగామ ప్రాంతం ఆ పాఠం క్లాసు బయటే నేర్చుకుంది. అప్పట్లో జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో ఉండేది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించింది. 1946 జూలై 4న కడవెండిలో దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయాడు. హక్కు, చట్టం, రాజ్యం అన్న మాటలకు ఎవరూ నిర్వచనాలు చెప్పకముందే ఈ ఊళ్లల్లో వాటి కోసం ప్రాణాలు పోయాయి. “మా నాయినకు సంఘం అంటే తెలుసు. సివిక్స్ అంటే తెల్వది” అన్నాడు చిన్నబాపు. ఆంధ్రమహాసభను మా వైపు సంఘం అనే పిలిచేవారు.

ఇక చదువుకున్న పిల్లల సంగతి. 1938లో ఉస్మానియాలో వందేమాతరం పాడారని విద్యార్థులను బహిష్కరించారు. చాలామంది నాగపూర్ వెళ్లి చదువు పూర్తి చేసుకున్నారు. వాళ్లల్లో వరంగల్ ప్రాంతపు పి.వి. నరసింహారావు ఒకడు. పద్నాలుగేళ్ల తర్వాత, 1952లో, ముల్కీ కాని వాళ్లకు ఉద్యోగాలిస్తున్నారని హైదరాబాద్ రాష్ట్రంలో విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. బూర్గుల రామకృష్ణారావు ప్రభుత్వం ఏర్పడి అప్పటికి ఆర్నెల్లు. సెప్టెంబరులో హైదరాబాద్ సిటీ కాలేజీ దగ్గర కాల్పులు జరిగాయి. ఆ ఉద్యమంలోకి దిగిన ఇంటర్మీడియట్ విద్యార్థుల్లో ఒకడు కొత్తపల్లి జయశంకర్, అక్కంపేట పిల్లాడు, 1934లో పుట్టాడు. అంటే అప్పటికి పద్దెనిమిదేళ్లు. ఓటుకు అప్పుడు ఇరవై ఒకటి నిండాలి. ఓటు లేని వయసులో మొదలుపెట్టిన రాజకీయ చదువును ఆయన 2011లో చనిపోయేదాకా ఆపలేదు. మా అక్క వాళ్లుండే జిల్లాకు ఇప్పుడు ఆయన పేరే: జయశంకర్ భూపాలపల్లి. ఆయన చెప్పింది అర్థశాస్త్రం, నడిచింది రాజకీయాల్లో. ఈ మాట మేనకోడలికి చెబితే, “ఆయన గూడ ఇంటర్లనే షురూ జేసిండా!” అంది.

1950ల చివర్లో రెండేళ్ల ఇంటర్ పోయి ఒక ఏడాది పీయూసీ వచ్చింది. 1969-70లో మళ్లీ రెండేళ్ల ఇంటర్మీడియట్ వచ్చింది. 1971లో దానికో బోర్డు ఏర్పడింది. అంతకుముందే, 1968లో, పై చదువులకు తెలుగులో పుస్తకాలు తేవడం కోసం తెలుగు అకాడమీ పెట్టారు. దాని మొదటి అధ్యక్షుడు ఆనాటి విద్యామంత్రి పి.వి. నరసింహారావు. పాట పాడినందుకు కాలేజీలోంచి వెళ్లగొట్టబడ్డ మనిషి, ముప్పై ఏళ్లకు, స్వేచ్ఛ అంటే ఏమిటో తెలుగులో చదువుకునే పుస్తకాలు అచ్చు వేయించే చోట కూర్చున్నాడు. ఇంకో సంగతి. ఆ కొత్త ఇంటర్ మొదలైన 1969వ సంవత్సరమే తెలంగాణలో కాలేజీలు ఉద్యమంతో మూతపడ్డ సంవత్సరం. పుస్తకం వచ్చేసరికి పిల్లలు రోడ్డు మీద ఉన్నారు.

ఆ పుస్తకాల భాష గురించి ఒక్క మాట. చిన్నబాపు ప్రతి తెచ్చుకుని చదువుతుంటే నాకు తట్టింది ఇది. ప్రజాస్వామ్యం నేర్పే ఈ శాస్త్రం మాటలన్నీ రాజుల ఇంటివే. రాజనీతి, రాజ్యం, రాజ్యాంగం, రాజకీయం. సార్వభౌమాధికారంలో ఉన్న సార్వభౌముడు చక్రవర్తి. పౌరుడు అంటే పురంలో ఉండేవాడు, పట్నపోడు. పల్లె జనానికి ఈ నిఘంటువులో సొంత పేరు లేదు. ప్రజలు ఉంది కానీ, సంస్కృతంలో దానికి రాజు పాలించే జనం అన్న అర్థమూ ఉంది, బిడ్డలు అన్న అర్థమూ ఉంది.

కానీ మాటలు పుస్తకంలో ఉన్నట్టే ఊళ్లో ఉండవు. వరంగల్ జిల్లాలో 1970ల నుంచి ఈ మాటలకు వేరే గురువులు దొరికారు. విద్యార్థి సంఘాలు, నక్సలైట్ ఉద్యమం, దాన్ని అణచడానికి వచ్చిన పోలీసు క్యాంపులు, ఎన్‌కౌంటర్లు, వీటి మధ్య పౌరహక్కుల సంఘం. రాజ్యహింస అనే మాట మా చిన్నతనంలో బస్సు కోసం ఎదురుచూసే వాళ్ల నోట్లోనూ వినపడేది. టెక్స్ట్‌బుక్‌లో ‘రాజ్యం’ నాలుగు మౌలిక లక్షణాలున్న వ్యవస్థ: జనాభా, భూభాగం, ప్రభుత్వం, సార్వభౌమాధికారం. బస్టాండులో ‘రాజ్యం’ రాత్రిపూట తలుపు కొట్టే జీపు. రెండోది తెలిసినవాళ్లు మొదటిది చదవనవసరం లేదని అప్పట్లో చాలామంది అనుకున్నారేమో. నాకు మాత్రం రెండూ కలిపి చదివిన ఒక మనిషి ముఖ్యంగా కనిపిస్తాడు. కె. బాలగోపాల్. వరంగల్ ఆర్‌ఈసీలో గణితంలో పీహెచ్‌డీ చేసి, కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితమే చెప్పాడు. 1983 నుంచి ఏళ్ల తరబడి పౌరహక్కుల సంఘం ప్రధాన కార్యదర్శి. తర్వాత లాయరు. ఆ సంఘం నాయకుడు, పిల్లల డాక్టరు రామనాథంను 1985 సెప్టెంబరు 3న వరంగల్‌లో ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. ‘పౌర’ అనే పట్నం మాట పల్లెకు చేరింది వీళ్ల నిజనిర్ధారణ నివేదికలతో. పౌరశాస్త్రం పరీక్ష పేపరుతో కాదు. లెక్కలాయన దగ్గరా, పిల్లల డాక్టరు దగ్గరా వరంగల్ సివిక్స్ నేర్చుకుంది.

ఇది చదివితే సబ్జెక్టు అక్కర్లేదన్నట్టే ఉంది కదా. మా బావ కూడా అదే అంటాడు. “రాజకీయం సదివితే వస్తదా? తిరిగితే వస్తది.” అప్పుడు నా కథ చెప్పాలి.

1986లో ఎంసెట్ మొదలైంది. ఆ తర్వాతి ఇరవై ఏళ్లలో ఇంటర్ అంటే ఎంసెట్‌కు తయారయ్యే రెండేళ్లు అన్న అర్థం స్థిరపడింది. నేను 2005లో ఎంపీసీలో చేరాను. కాలేజీ పేరు అనవసరం, అన్నీ ఒకటే. పొద్దున ఐదున్నరకు స్టడీ అవర్, రాత్రి పదింటికి లైట్లు ఆర్పడం. అదే భవనంలో ఆర్ట్స్ గ్రూపులు లేవు. హెచ్‌ఈసీ తీసుకున్నోళ్లంటే సీటు దొరకనోళ్లు అని మాకు ఎవరూ చెప్పలేదు, అయినా మాకు తెలుసు. పద్దెనిమిదేళ్లకు ఓటు హక్కు 61వ రాజ్యాంగ సవరణతో 1989 మార్చి 28 నుంచి అమల్లోకి వచ్చింది. అంటే ఇంటర్ అయిపోయే వయసుకు ఓటు వస్తుంది. రాజకీయాలు చదవడానికి ఇంతకన్నా సరైన వయసు లేదు. సరిగ్గా అప్పుడే మేము ఇంటిగ్రేషన్ సూత్రాలు బట్టీ కొడుతూ కూర్చున్నాం. లెక్కలు తప్పని అనను, వాటి మీదే ఇవాళ బతుకుతున్నాను. కానీ ఆ రెండేళ్లలో ఒక్కరైనా మాకు రాజ్యాంగం అట్ట చూపించలేదు.

2009 డిసెంబరు నాటికి నేను బీటెక్ మూడో ఏడాదిలో ఉన్నాను. తొమ్మిదో తారీఖు రాత్రి తెలంగాణ ప్రక్రియ మొదలవుతుందని కేంద్ర హోంమంత్రి చిదంబరం ప్రకటించాడు. ఇరవై మూడున ఇంకా సంప్రదింపులు కావాలని ఇంకో ప్రకటన. ఆ తర్వాత జేఏసీ పుట్టింది, దాని కన్వీనరు కోదండరాం. ఆయన ఉస్మానియాలో రాజనీతి శాస్త్రం చెప్పే ప్రొఫెసర్. ఆ రోజుల్లో మానుకోట నుంచి మా పెద్దమ్మ కొడుకు, నాకు అన్న, నా హాస్టల్ రూములో కొన్నాళ్లున్నాడు. హెచ్‌ఈసీ, తర్వాత బీఏ చదివి గ్రూప్స్‌కు తయారవడానికి హైదరాబాద్ వచ్చాడు. రాత్రి రూములో ఏడెనిమిది మందిమి వాదించుకుంటున్నాం. “అసెంబ్లీ ఒప్పుకోదు కాబట్టి తెలంగాణ రాదు” అని నేను గట్టిగా చెప్పాను. నలుగురు తలూపారు. అందరం ఇంజినీర్లమే.

అన్న మెల్లగా అన్నాడు: “ఆర్టికల్ మూడు జూడు తమ్మీ. అసెంబ్లీ అభిప్రాయం అడగాలె. ఒప్పుకోవాల్నని లేదు.”

రాష్ట్రపతి సిఫారసుతో బిల్లు పెట్టాలి, దాన్ని ముందు సంబంధిత రాష్ట్ర శాసనసభకు అభిప్రాయం కోసం పంపాలి, గడువులోగా వాళ్లు ఏం చెప్పినా చెప్పకపోయినా పార్లమెంటు మామూలు మెజారిటీతో నిర్ణయించవచ్చు. ఆయన ఇదంతా ఏ పుస్తకమూ తెరవకుండా చెప్పాడు. నాకు కోపం వచ్చింది, అది బాగా గుర్తుంది. మార్కుల్లో నాకన్నా వెనకబడ్డ అన్న నా తప్పు దిద్దాడు. నాలుగేళ్ల తర్వాత, 2014 జనవరి 30న, శాసనసభ ఆ బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించింది. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ దాన్ని ఆమోదించాయి. ఆఫీసులో టీవీ చూస్తూ నాకు హాస్టల్ రూమే గుర్తొచ్చింది.

నా పనిలో ‘అడిగి చెయ్యి’కీ ‘అనుమతి తీసుకుని చెయ్యి’కీ తేడా తెలియకపోతే సాయంత్రానికి సిస్టమ్ కూలిపోతుంది. దేశం నడిచే వాక్యాల్లో ఆ తేడా చూడటం నాకు ఎవరూ నేర్పలేదు. అన్నకు సివిక్స్ లెక్చరర్ ఒకాయన నేర్పాడు. బావ చెప్పినట్టు రాజకీయం తిరిగితే వస్తుంది, నిజమే. వాక్యం మాత్రం చదివితేనే వస్తుంది.

అట్లా అని ఆ సబ్జెక్టును నెత్తిన పెట్టుకోను. పరీక్ష పేపరు చూశాను. మూడు పది మార్కుల ప్రశ్నలు, ఎనిమిది ఐదు మార్కులవి, పదిహేను రెండు మార్కులవి. రెండు మార్కులవాటికి ఐదు పంక్తులు మించకూడదు. స్వేచ్ఛను ఐదు పంక్తుల్లో రాసి, గీత కొట్టి, తర్వాతి ప్రశ్నకు వెళ్లాలి. చిన్నబాపు కాలం నుంచి ఇప్పటిదాకా గైడ్లలో జవాబులు పాయింట్లవారీగా ఉన్నాయి, పిల్లలు పాయింట్లే నేర్చుకుంటున్నారు. ఎన్‌సీఈఆర్‌టీ 2006లో యోగేంద్ర యాదవ్, సుహాస్ పల్షీకర్ ముఖ్య సలహాదారులుగా కార్టూన్లతో, ప్రశ్నలతో పుస్తకాలు తెచ్చింది. వాటిలో శంకర్ గీసిన 1949 నాటి ఒక కార్టూన్ అంబేడ్కర్‌ను అవమానిస్తోందని 2012లో పార్లమెంటులో గొడవైంది. సలహాదారులిద్దరూ రాజీనామా చేశారు. ఆ అభ్యంతరంలో న్యాయం ఎంతో వేరే చర్చ. కానీ ఒక పదకొండో తరగతి పుస్తకాన్ని దేశం అంత శ్రద్ధగా తెరిచి చూసింది. మన ఇంటర్ సివిక్స్ పుస్తకం మీద నేను ఇంతవరకూ ఒక్క గొడవా వినలేదు. దాన్ని ఎవరూ చదవకపోతే గొడవ ఎక్కణ్నుంచి వస్తుంది?

చదవరంటే మళ్లీ పూర్తి నిజం కాదు. అశోక్‌నగర్‌లో ఏ పుస్తకాల షాపుకు వెళ్లినా చూడండి. బీటెక్ అయిపోయి గ్రూప్స్ రాసేవాళ్లు తెలుగు అకాడమీ ఇంటర్ పుస్తకాలు కొంటుంటారు. పక్కన లక్ష్మీకాంత్ పాలిటీ. పదహారేళ్లకు పనికిరాదని పారేసిన సబ్జెక్టును ఇరవై ఆరేళ్లకు కోచింగ్ ఫీజు కట్టి చదువుతున్నారు. అదీ ఉద్యోగం కోసం. పౌరులుగా చదవాల్సింది అభ్యర్థులుగా చదువుతున్నాం.

అన్నకు ఉద్యోగం రాలేదు. ఇది దాచితే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. మూడు సార్లు రాశాడు, వయసు దాటింది. ఇప్పుడు మానుకోటలో మీసేవ సెంటర్‌లో పనిచేస్తాడు. ఈ నెలలో ఒక రోజంతా ఆయన పక్కన కూర్చున్నాను. కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, భూమి కాగితాలు. గూడూరు, కొత్తగూడ వైపు నుంచి వచ్చినవాళ్లు కొందరు. ఏజెన్సీ భూమి గిరిజనేతరులకు మారకుండా ఆపే 1970 నాటి ఒకటో నంబరు రెగ్యులేషన్‌ను ఆయన ఒక ముసలాయనకు వివరించడం విన్నాను. 2018 పంచాయతీరాజ్ చట్టంతో తండాలు పంచాయతీలయ్యాయి, రాష్ట్రంలో పంచాయతీలు పన్నెండు వేల ఏడువందలు దాటాయి. ఆ తండాల నుంచి వచ్చినవాళ్లు గ్రామసభ తీర్మానం ఎట్లా రాయాలో అన్ననే అడుగుతారు. ఫీజు ఫారానికే. తీర్మానం ఊరికే రాసిస్తాడు.

జనగామలో కూడా ఇలాంటిదే ఒకటి దొరికింది. 2016 ఆగస్టులో కొత్త జిల్లాల ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చినప్పుడు జనగామ పేరు లేదు. ఊళ్లో ధర్నాలు, బంద్‌లు జరిగాయి. అక్టోబరు 11న వచ్చిన జిల్లాల్లో జనగామ ఉంది. ధర్నాల సంగతి అందరికీ గుర్తే. అభ్యంతరాలు తెలపడానికి ముప్పై రోజుల గడువు ఉండేదని మాత్రం చిన్నబాపు చెబితేనే తెలిసింది. ఊళ్లో చాలామందికి ఆ అర్జీలు ఆయనే రాసిచ్చాడట. ఒక కాపీ ఆ రాజనీతి శాస్త్రం పుస్తకంలోనే మడిచి పెట్టుకున్నాడు. చేతిరాత చక్కగా ఉంది. జవాబు పాయింట్లవారీగా ఉంది. అది చూసి నవ్వొచ్చింది. ఐదు పంక్తుల జవాబుల చదువు ఎక్కడో ఒకచోట పనికొచ్చింది.

నెల తర్వాత భూపాలపల్లి వెళ్లాను. నా దగ్గర తేల్చిన జవాబు లేదు. ఎంపీసీ తీసుకుంటే ఉద్యోగం దొరికే దారి తేలిక, అది నేను కాదనలేను. హెచ్‌ఈసీ తీసుకుంటే అన్నలా కావొచ్చు. అన్నలా కావడం ఓడిపోవడమని నేను ఇదివరకు అనుకునేవాణ్ని, ఇప్పుడు అంత నమ్మకంగా అనలేను. ఇదంతా ఇట్లాగే చెప్పాను. బావ కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆయన అసలు భయం బయటపెట్టాడు: “నాకు ఇంకెన్ని రోజులు నౌకరున్నదో తెలుసు గదనోయ్. ఆళ్లమ్మను, దీన్ని చూసుకునేదెవలు?”

దానికి సివిక్స్‌లో జవాబు లేదు, నా దగ్గరా లేదు. డిగ్రీ అయ్యేదాకా పుస్తకాలు, ఫీజులు నేను చూసుకుంటానన్నాను. నేను చేయగలిగింది అదొక్కటే.

పిల్ల చిన్నబాపు పుస్తకం అడిగింది. సిలబస్ మారింది, ఇప్పుడు తెలంగాణ ఆవిర్భావం కూడా పాఠమే, ఈ పాత పుస్తకం పరీక్షకు పనికిరాదని చెప్పాను. ఉండనీ అంది. పేజీలు తిప్పుతూ, “సర్పంచ్‌కు నిలవడాలంటే ఎన్నేండ్లుండాలె మామా?” అంది. ఇరవై ఒకటి అన్నాను. బావ వైపు చూసి, “ఇంక ఐదేండ్లున్నది నాయినా” అంది.